పచ్చనీళ్ళ తొట్టి పద్దు

జనవరి 17, 2024

కనుమ తిన్నది ఇంకా అరగలేదు గానీ చేతులు ఊరుకోవు. ఈ నెలలో రొయ్యల చెరువులు సగం ఎండగట్టి ఉంటాయి, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల గేర్‌బాక్సులు మా షాపుకి రిపేరుకి పెద్దగా రావు. అందుకే పెరట్లో గేదెల పాక వెనక 4 మీటర్ల పొడుగు, 2 మీటర్ల వెడల్పుతో తొట్టి కట్టేశాను. సిమెంటు లేదు. ఇటుక మీద ఇటుక పేర్చి, బావ నర్సరీ చెరువుకి వేయగా మిగిలిన నల్ల లైనర్ షీటు పరిచాను. మధ్యలో అడ్డుగోడ. గానుగ చుట్టూ ఎద్దు తిరిగినట్టు నీళ్ళు దాని చుట్టూ తిరగాలి. లోతు 20 సెంటీమీటర్లే, అంతకు మించితే అడుగుకి వెలుతురు దిగదు. నింపితే 1500 లీటర్లు పట్టింది.

ఇదంతా డీజిల్ మీద కోపంతో. కరెంటు పోయిన రాత్రి బావ చెరువు గట్టు మీద జనరేటర్ తాగే డీజిల్ చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. పాచితో డీజిల్ చేయొచ్చని అమ్మాయి చెప్పింది. తను బీఎస్సీ ఆక్వాకల్చర్ చదువుతోంది. పుస్తకాల్లో వీటిని సూక్ష్మశైవలాలంటారట. మా ఆకివీడు వైపు ప్లాంక్టన్ అంటాం, లేదంటే పచ్చనీళ్ళు. చెరువుకి కలర్ రావాలని డీఏపీ ఎరువు చల్లే ఊళ్ళో పాచి పెంచడం ఎవరికీ కొత్త కాదు. దాన్ని పొయ్యిలోకి తేవడమే కొత్త.

నోట్‌బుక్‌లో మూడు గళ్ళు గీశాను: కరెంటు, ఎరువు, నీళ్ళు. వచ్చింది ఎంత, పోయింది ఎంత. పద్దు లేకుండా చేసేది పని కాదు, సరదా.

జనవరి 28

పాత ఏరేటర్ రెక్కలు కోసి చిన్న చక్రం చేశాను. పాత సామాన్ల కొట్టులో దొరికిన కారు వైపర్ మోటార్, 12 వోల్టుల అడాప్టర్. ఒక బంతిపువ్వు వదిలి టైమ్ చూస్తే నీళ్ళు సెకనుకి 20 సెంటీమీటర్లు నడుస్తున్నాయి. చాలు. ప్లగ్‌కి పెట్టే మీటర్ 28 వాట్లు చూపించింది. ఫోన్ చార్జర్ కంటే కొంచెం ఎక్కువ, ఇదేం లెక్క అనుకున్నాను.

విత్తనం కొనలేదు. బావ చెరువులోంచి రెండు బిందెలు తెచ్చి పోశాను. సెలైనిటీ, అంటే ఉప్పదనం, 6 పీపీటీ (వెయ్యి పాళ్ళలో 6). రోజుకి 11 గ్రాముల యూరియా, చిటికెడు సూపర్ ఫాస్ఫేట్.

ఫిబ్రవరి 11

కలర్ వచ్చింది. గోంగూర ఉడికించిన నీళ్ళలా కాదు, లేత అరిటాకు రంగు. అమ్మాయి కాలేజీ నుంచి మైక్రోస్కోప్ అడిగి తెచ్చింది. గుండ్రంగా ఆవగింజల్లా ఉన్నవి క్లోరెల్లా, నాలుగేసి పక్కపక్కన అంటుకుని పల్లకీ మోసేవాళ్ళలా ఉన్నవి సెనెడెస్మస్, పడవల్లాంటివి డయాటమ్‌లు. ఒక్క పంటే అనుకున్నది కలుపు చేను అయింది. అయినా ఫరవాలేదు, మా తొట్టిలో గెలిచిందే మా రకం.

ఫిబ్రవరి 25

మొదటి పద్దు. రాయాలనిపించడం లేదు గానీ రాస్తున్నాను.

రోజూ 175 లీటర్లు తీసి అంతే కొత్త నీళ్ళు పోస్తున్నాం. అమ్మాయి లీటరు నీళ్ళు కాలేజీ ల్యాబ్‌లో వడపోసి, ఆరబెట్టి, తూచింది. లీటరుకి 0.4 గ్రాములు. అంటే రోజుకి 70 గ్రాముల ఎండు పాచి. చదరపు మీటరుకి దాదాపు 9 గ్రాములు, మొదటిసారికి చెడ్డదేం కాదు. ఎండు పాచి గ్రాముకి సుమారు 21 కిలోజౌళ్ళు ఉంటుంది. లెక్క కడితే మొత్తం 0.41 యూనిట్.

మోటార్ 24 గంటలకి తాగింది 0.67 యూనిట్.

మొత్తం పాచిని ఒక్క గింజ పోకుండా మంటగా మార్చినా మోటార్ బాకీ తీరదు. గాలి లెక్క ఇంకా ఘోరం. కిలో ఎండు పాచి పెరగడానికి సుమారు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుంది. మన 70 గ్రాములు పీల్చింది 130 గ్రాముల లోపు. మన దేశంలో గ్రిడ్ కరెంటు ఒక యూనిట్‌కి దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. అంటే నా చక్రం తిరగడానికి ఎక్కడో పొగగొట్టం 470 గ్రాములు వదిలింది. పెరట్లో పచ్చగా కనిపించేదంతా పచ్చదనం కాదు.

బావ గట్టున నిలబడి నవ్వాడు. "ఏరా బామ్మర్దీ, రూపాయి సంపాదించడానికి మూడు రూపాయలు ఆటోకి ఇస్తున్నావేంట్రా?"

మార్చి 3

నీళ్ళలో తిరిగే రెక్క గురించి మాకు తెలిసిన సూత్రం ఒకటుంది. వేగం సగం చేస్తే నీటికి కావలసిన శక్తి ఎనిమిదో వంతుకి పడిపోతుంది. గేర్ నష్టాలు ఎలాగూ ఉంటాయి కాబట్టి నాకు 28 వాట్లు 13కే దిగింది. దాన్ని పగలు 11 గంటలు, రాత్రి గంటకోసారి అయిదు నిమిషాలు నడుపుతున్నాను. ఇప్పుడు రోజుకి 0.16 యూనిట్.

గెలిచాననుకునే లోపు మలుపుల దగ్గర పాచి దిగి నల్లగా కుళ్ళింది. కోడిగుడ్డు కుళ్ళిన వాసన. అడుగున ఆక్సిజన్ లేనిచోట మీథేన్ కూడా పుడుతుంది, అది వందేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు వేడి పుట్టించే వాయువు. పొదుపు చేసిన కరెంటు ఇక్కడ కక్కించేలా ఉంది. మలుపుల్లో రేకు వంచి కమానులా పెట్టాను. ఆ మూల నీళ్ళు కదిలాయి, వాసన పోయింది. ఇంట్లో మాట్లాడటం మొదలెట్టారు.

మార్చి 10

ఎరువు గడి. రోజుకి 11 గ్రాములంటే ఎవరికీ భయం వెయ్యదు. ఏడాదికి 4 కిలోలు. కానీ ఇదే ఒక ఎకరం తొట్టి అయితే? రెండు టన్నుల యూరియా, అంటే 45 కిలోల బస్తాలు 45. వరి రైతు రెండు పంటలకీ కలిపి వాడేది అందులో ఏ మూలకి? పాచి దిగుబడి ఎకరానికి 13 టన్నులు వస్తుందన్నది నిజమే, వడ్లు అంత రావు. అయినా యూరియా తయారయ్యేది సహజవాయువుతో. గ్యాస్ కాల్చి ఎరువు, ఎరువుతో పాచి, పాచితో మళ్ళీ గ్యాస్. దీన్ని పునరుత్పాదకం అనడానికి నోరు రాదు.

రాత్రి అమ్మాయి, నేను ఇంటర్నెట్‌లో చదువుతూ కూర్చున్నాం. మనకంటే ముందు ఎంతమంది ఇక్కడే తల గుద్దుకున్నారో! అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 దాకా పాచి డీజిల్ మీద ఒక పెద్ద పథకం నడిపింది. న్యూమెక్సికోలోని రోస్‌వెల్‌లో వెయ్యి చదరపు మీటర్ల చెరువులు తవ్వారు. రాత్రి చలికి పెరుగుదల పడిపోయేదట. 2009లో ఎక్సాన్ మొబిల్ అనే చమురు కంపెనీ 60 కోట్ల డాలర్ల దాకా పెడతానంది, 2023 నాటికి చేతులు దులుపుకుంది. 2010లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఆండ్రెస్ క్లారెన్స్ బృందం పాచి సాగుని మొక్కజొన్న, ఆవ జాతి కనోలా, స్విచ్‌గ్రాస్ అనే గడ్డితో పోల్చింది. శక్తి, నీళ్ళు, భూమిని వేడెక్కించే వాయువుల లెక్కల్లో పాచే వెనకబడింది. కారణం చాలావరకు ఎరువూ, కార్బన్ డయాక్సైడ్ సరఫరా. మురుగునీటితో పెంచితే మాత్రం లెక్క మారుతుందని వాళ్ళే చెప్పారు.

ఆ చివరి మాట దగ్గర అమ్మాయి ఆగింది. "నాన్నా, మామయ్య చెరువులో మురుగు ఊరికే కాలవలోకి పోతోంది కదా?"

మార్చి 24

చెరువు నీళ్ళు తెచ్చి పోస్తే సరిపోతుందనుకున్నాం. సరిపోలేదు. ఆక్వా ల్యాబ్‌లో చూపిస్తే అమ్మోనియా లీటరుకి 3 మిల్లీగ్రాములు. 175 లీటర్లలో అర గ్రాము నైట్రోజన్. పాచికి రోజుకి 5 గ్రాములు కావాలి. గంజినీళ్ళు పోసి పహిల్వాన్‌ని పెంచినట్టుంది.

అసలు సరుకు చెరువు మధ్యలో ఉంది. లైనర్ చెరువులకి నడిమధ్య గుంట చేస్తారు, రొయ్యల టాయిలెట్ అంటాం. తినగా మిగిలిన మేత, రెట్ట అంతా అక్కడికి చేరుతుంది. మేతలో ఉన్న నైట్రోజన్‌లో మూడో వంతు కూడా రొయ్య ఒంటికి పట్టదు, మిగతాది నీళ్ళలోనూ బురదలోనూ ఉండిపోతుంది. ఆ బురద డ్రమ్ములో రెండు రోజులు తేర్చి పైనీళ్ళు పరీక్ష చేయిస్తే 28 మిల్లీగ్రాములు. 175 లీటర్లకి 4.9 గ్రాములు! కొలత పెట్టి కుట్టినట్టు సరిపోయింది.

యూరియా బస్తా మూతి కట్టేశాను.

ఏప్రిల్ 7

పాచిని నీళ్ళలోంచి తీయడం. అందరూ తేలిగ్గా చెప్పేదీ, అందరూ బోల్తా పడేదీ ఇక్కడే. లీటరులో 0.4 గ్రాములంటే 99.96 శాతం నీళ్ళే. ఆ గింజలు గుడ్డలోంచి కూడా జారిపోయేంత చిన్నవి. గిర్రున తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజ్ పెడితే మళ్ళీ కరెంటు.

సీసాలు వరసగా పెట్టి మూడు రకాలు చూశాం.

పటిక వేస్తే అరగంటలో అద్దంలా తేరింది. బిందెలో పటిక తిప్పడం మా అమ్మమ్మ చేసిన పనే. కానీ అల్యూమినియం ఆ ముద్దలోనే ఉండిపోతుంది, తర్వాత చేపకి వేయలేం, పొలానికి వేయడానికి మనసొప్పదు.

కైటోసాన్ రొయ్య పెంకుల నుంచి తీసేది. మా జిల్లా సరుకే కాబట్టి నాకు దాని మీద పక్షపాతం ఉంది. బాగా పనిచేసింది కూడా, ఉప్పు తక్కువున్న నీళ్ళలో ఇంకా బాగా. అయితే పెంకుని కైటోసాన్ చేయాలంటే ముందు ఆమ్లంలో, తర్వాత గాఢమైన కాస్టిక్ సోడాలో ఉడకబెట్టాలి. మురుగు మన పెరట్లో తగ్గి ఇంకొకరి పెరట్లో తేలుతుంది.

మూడోది ఏమీ వేయకుండా ఎండలో పెట్టడం. పలచని ఫిష్ టబ్బులో, కదపకుండా. పాచి కార్బన్ డయాక్సైడ్ పీల్చేకొద్దీ పీహెచ్, అంటే నీటి క్షారగుణం కొలత, పెరుగుతుంది. మూడు గంటలకి 10.3. ఉప్పునీళ్ళలో ఉన్న మెగ్నీషియం ఆ పీహెచ్ దగ్గర హైడ్రాక్సైడ్‌గా విరిగి, పాచిని పట్టుకుని అడుక్కి దిగింది. విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా. ఖర్చు సున్నా. సంతోషంతో ఉగాదికి రెండు రోజుల ముందే పులిహోర చేయించుకున్నాను.

మే 13

ఓటేసి వచ్చి తొట్టి దగ్గర కూర్చున్నాను. కాలవలు కట్టేసి నెల దాటింది. డెల్టాలో ఏటా ఇంతే: పాచికి కావలసినంత ఎండ ఉన్నప్పుడే కాలవలో నీళ్ళుండవు. కొలకర్ర ప్రకారం రోజుకి 6 మిల్లీమీటర్లు ఆవిరి. 8 చదరపు మీటర్లకి 48 లీటర్లు, అంటే మూడు పెద్ద బిందెలు.

నూనె నేను తీయలేదు. కానీ 70 గ్రాముల పాచిలో అయిదో వంతు నూనె ఉందనుకుంటే 14 గ్రాములు, 15 మిల్లీలీటర్లు. మూడు చెంచాల నూనెకి మూడు బిందెల నీళ్ళు. లీటరు నూనెకి 3200 లీటర్లు! నేనేదో తప్పు చేశాననుకుని వెతికితే, అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2012 నివేదికలో లీటరు పెట్రోలుకి సమానమైన పాచి ఇంధనానికి 3.15 నుంచి 3650 లీటర్ల మంచినీళ్ళని ఉంది. పై అంచుకి ఆనుకుని నేనున్నాను. అమెరికా రవాణా ఇంధనంలో 5 శాతం పాచితో నింపాలన్నా, అప్పటి పద్ధతులతో నీళ్ళు, ఎరువు, శక్తి భరించలేనంత కావాలని కూడా అందులోనే రాశారు.

ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. కాలవ లేక బోరు నీళ్ళు పోస్తున్నాను, ఇక్కడ బోరు కూడా ఉప్పే. సెలైనిటీ 6 నుంచి 14కి ఎక్కింది. పల్లకీ బోయీలు మాయం. సన్న దారాల్లాంటి నీలి పాచి మొదలైంది.

మే 19

కలర్ పడిపోయింది. శుక్రవారం పచ్చగా ఉన్నది ఆదివారానికి గోధుమ రంగు. మైక్రోస్కోప్ కింద రోటిఫర్లు, అంటే పాచి తినే సూక్ష్మజీవులు, తల మీద చక్రం తిప్పుకుంటూ కడుపు నిండా పచ్చగా తిరుగుతున్నాయి. నా నాలుగు నెలల పంట వాటికి నాలుగు పూటల భోజనం.

"బ్లీచింగ్ కొట్టెయ్, మళ్ళీ నింపుకో" అన్నాడు బావ. బ్లీచింగ్ కొట్టిన 1500 లీటర్ల ఉప్పునీళ్ళు ఎక్కడ పారబోయాలి? వెనక పొలం ఆయన ఇంకో మూడు వారాల్లో నారుమడి పోస్తాడు. డ్రెయిన్‌లోకి వదిలితే ఎవరూ అడగరు, అందరం వదిలేది అందులోకే. అక్కడి నుంచి ఉప్పుటేరుకి. కొల్లేటికి ఆ ఒక్క ఏరే దారి. మా తరం కొల్లేటిని ఏం చేసిందో, 2006లో కొల్లేటిని ఆక్రమించిన చెరువుల గట్లు ఎందుకు కొట్టారో తెలిసినవాణ్ణి. బ్లీచింగ్ వద్దనుకున్నాను. రోజుకి నాలుగు బిందెల చొప్పున కొబ్బరి చెట్ల మొదళ్ళకి పంచి పోశాను. కొబ్బరికి ఉప్పు కొంచెం ఓర్చుకునే గుణం ఉంది. ఎకరం తొట్టి ఉంటే ఎన్ని కొబ్బరి చెట్లు కావాలో లెక్క కట్టలేదు, కట్టబుద్ధి కాలేదు.

జూన్ 16

కాలవలు వదిలారు. తొట్టి కడిగి మళ్ళీ మొదలుపెట్టాం. పక్కనే 200 లీటర్ల డ్రమ్ముతో గోబర్ గ్యాస్ లాంటిది. పేడ ఒక్కటే వేస్తే వచ్చే గ్యాస్ పది రోజులు కొలిచి, తర్వాత రోజుకి 70 గ్రాముల ఎండుకి సరిపడా పాచి ముద్ద కలిపాను. పాచిలో నైట్రోజన్ ఎక్కువ, ఒక్కటే వేస్తే అమ్మోనియా పెరిగి గ్యాస్ చేసే సూక్ష్మజీవులు నీరసపడతాయి. అందుకని గుప్పెడు తరిగిన గడ్డి.

అదనంగా వచ్చింది 11 లీటర్లు. పుస్తకం లెక్కలో సగం కూడా కాదు. పాచి గింజకి పెంకు గట్టిది, బతికున్నది బతికున్నట్టే డ్రమ్ము దాటి బయటికొస్తోందని అమ్మాయి స్లైడ్ మీద చూపించింది.

11 లీటర్లతో రెండు గ్లాసుల టీ కాగింది. జనవరి నుంచి జూన్ దాకా పడిన పాటుకి రెండు టీలు. బావకొకటి ఇచ్చాను. "అల్లం తక్కువైంది" అన్నాడు.

ఇంకోటి. గ్యాస్ కొళాయి దగ్గర సబ్బునురగ రాస్తే బుడగలొచ్చాయి. ఎన్నాళ్ళ నుంచి కారుతోందో. ఇంట్లో చేసుకునే గ్యాస్ ప్లాంటుల్లో ఈ కారుడే పర్యావరణానికి అసలు నష్టం. వాషర్ మార్చాను.

జూలై 7

నాలుగో గడి గీశాను: గాలి.

తొట్టిలోకి వెళ్ళేటప్పుడు 28 మిల్లీగ్రాముల అమ్మోనియా, బయటికొచ్చేటప్పుడు 2. ల్యాబ్ కుర్రాడు రెండుసార్లు చేసి చూశాడు. రోజుకి 4.5 గ్రాముల నైట్రోజన్ డ్రెయిన్‌లోకి పోకుండా ఆగింది. అయితే పాచిలోకి ఎంత వెళ్ళింది? మబ్బుల వల్ల ఇప్పుడు దిగుబడి 50 గ్రాములే. అందులో 7 శాతం నైట్రోజన్, అంటే 3.5 గ్రాములు. ఒక గ్రాము లెక్క తేలలేదు.

దొంగ పీహెచ్. పీహెచ్ 10 దాటితే అమ్మోనియాలో పదింట తొమ్మిది వంతులు వాయువు రూపంలోకి మారి, చక్రం కొట్టే నీటి తుంపరలతో గాలిలోకి లేస్తుంది. మళ్ళీ ఏ వానకో దగ్గర్లోనే పడుతుంది. కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా కూడా పోయి ఉండొచ్చు, అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 270 రెట్లు వేడి పుట్టించేది. నీళ్ళు శుభ్రమయ్యాయని ల్యాబ్ చీటీ చూసి మురిసిపోతే సగం నిజమే చూసినట్టు.

పాచి విరగాలంటే పీహెచ్ పెరగాలి, అమ్మోనియా ఆగాలంటే పెరగకూడదు. రెంటికీ ఒకే తొట్టి కుదరదు. బురదనీళ్ళు పొద్దున్నే ఒకేసారి పోయకుండా సెలైన్ సీసా పద్ధతిలో పగలంతా చుక్కచుక్కగా వదులుతున్నాను. కుళ్ళిన నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కాబట్టి పీహెచ్ 9 లోపే నిలుస్తోంది. విరగ్గొట్టడం మాత్రం టబ్బుల్లో, అమ్మోనియా దాదాపు అయిపోయిన నీళ్ళతో.

ఇప్పుడు పద్దు ఇలా ఉంది. కరెంటు: ఖర్చు 0.16, గ్యాస్‌గా తిరిగొచ్చింది 0.07. నష్టం. సోలార్ పలక పెట్టి ఆ నష్టం దాచొచ్చు, కానీ పలక కరెంటు నేరుగా బావ ఏరేటర్‌కే ఇస్తే పోలేదా? ఎరువు: కొన్నది సున్నా. నీళ్ళు: చెరువు నుంచి ఎలాగూ పారబోసేవే. శక్తి కోసం చూస్తే ఈ తొట్టి మూసెయ్యాలి. మురుగు కడిగే పనికి చూస్తే, ఇంత తక్కువ కరెంటుతో నీళ్ళు కడిగే యంత్రం మా షాపులో లేదు. 1950లలోనే బర్క్‌లీలో విలియం ఆస్వాల్డ్ ఇలాంటి తిరుగుడు చెరువులు మురుగునీళ్ళ కోసమే కట్టాడు. శక్తి ఆయనకి పక్క లాభం. నేను పక్క లాభాన్ని అసలు అనుకుని మొదలుపెట్టాను.

ఆగస్టు 11

మోటార్ విప్పేశాను. బావ చెరువు గట్టుకీ డ్రెయిన్‌కీ మధ్య నీటిమట్టంలో 40 సెంటీమీటర్ల తేడా ఉంది, నీళ్ళు వాటంతటవే నడుస్తాయి. ఆ మధ్యలో పాముమెలికల కాలవ తవ్వి, లైనర్ పరిచి, అడుగున పాత చేపల వల పరిచాను. తేలే పాచి బదులు వలకి పట్టే పాచి. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ సంస్థ శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ 1980ల నాటికే ఈ పద్ధతి పెట్టాడు. పడవ అడుగున పాచి పట్టడం చూసిన మా వాళ్ళెవరికైనా తట్టాల్సింది.

పది రోజుల తర్వాత చదరపు మీటరు వల గీకితే తడి ముద్ద 1.1 కిలోలు. గట్టు మీద గోనె పట్టా పరిచి ఎండబెడితే 90 గ్రాములు. పటిక లేదు, టబ్బు లేదు, మోటార్ లేదు, ఇల్లు తుడిచే వైపర్ ఒక్కటే. లెక్క మరీ బాగుందనిపించి అమ్మాయి కొంచెం కాలేజీ కొలిమిలో కాల్చి చూసింది. 40 శాతం బూడిద మిగిలింది. అంటే మనం తూచిందాంట్లో బోలెడంత ఒండ్రు. అసలు పాచి 54 గ్రాములు, రోజుకి 5 గ్రాముల పైచిలుకు.

బూడిద ఎక్కువైన ముద్ద గ్యాస్ డ్రమ్ముకి పనికిరాదు, అడుగున మేట వేస్తుంది. ఈసారి పేడతో కలిపి కొబ్బరి పాదులకి వేశాం. కాలవ మొదట్లో ఒండ్రు దిగడానికి చిన్న గుంట తవ్వాలి. బావ రేపు ఇద్దరు కూలీలని పంపుతానన్నాడు, వాళ్ళు రాకముందే పొద్దున్నే మట్టం గొట్టంతో వాలు చూసి పెట్టుకోవాలి.